దుర్లభ కుసుమము – సులభ విహంగము

భగవంతుని సృష్టిలో కొన్ని వస్తువులు అరుదుగా కానవచ్చును. కొన్ని నిత్యము కన్నులయెదుట నుండును. అరుదైనదానియందు ఆదరము, నిత్యము లభించుదానియందు ఉపేక్ష మానవునకు సహజము. ఇంటి పెరటిలో ప్రతిదినము పూయు నందివర్ధనమును కన్నెత్తి చూడనివాడు, పొరుగూర వింతపువ్వు పూచినదని వినగానే బండి కట్టించుకొని బయలుదేరును. ఈ స్వభావము లోకవ్యవహారమునకే పరిమితమైయున్నచో పెద్దగా విచారింప బనిలేదు. కాని భగవద్విషయమున కూడ ఇదే దృష్టి ప్రవేశించుచున్నది. ఎన్నియేండ్లకో ఒకమారు లభించు దర్శనమే దర్శనమనియు, ప్రతిదినము ఇంటిలో జరుగు ఆరాధన కేవలము అలవాటనియు తలంచువారు పెరుగుచున్నారు. ఇది ఎంతవరకు యుక్తము? సృష్టిలోని ఒక పువ్వును, ఒక పక్షిని ప్రక్కప్రక్కన నిలిపి పరిశీలించినచో ఈ ప్రశ్నకు సమాధానము సులభముగా లభింపగలదు. ఆ పువ్వు నీలకురింజి. ఆ పక్షి పసులపోలిగాడు.

నీలకురింజి

దక్షిణదేశమున పశ్చిమ పర్వతపంక్తుల యెత్తైన పచ్చికబయళ్లలో నీలకురింజి పెరుగును. కేరళ రాష్ట్రమున మున్నారు సమీపమునందలి ఎరవికుళం ప్రాంతము, తమిళనాట నీలగిరులు, కొడైకెనాల్ కొండలు దీనికి నెలవులు. మోకాలియెత్తు పొద, గంటవంటి చిన్న పువ్వులు, ఊదా కలసిన నీలవర్ణము. విడిగా ఒక్క పువ్వును చూచినచో చెప్పుకొనదగిన విశేషమేమియు కానరాదు. దీని విశేషమంతయు కాలమునందున్నది. ఈ మొక్క పండ్రెండేండ్లకు ఒక్కమారే పూయును. ఒక్క మొక్క గాదు, కొండకొండయు ఒక్కసారిగా పూచును. అప్పుడు పచ్చని పర్వతసానువులు నీలాంబరము కప్పుకొన్నట్లు కన్పట్టును. నీలగిరులకు ఆ పేరు ఈ పూతవలననే కలిగినదని పెద్దలు చెప్పుదురు. పూచి, విత్తనములు రాల్చిన పిమ్మట ఆ మొక్క ఎండి నశించును. నేలబడిన విత్తులనుండి క్రొత్త మొలకలు లేచి, మఱల పండ్రెండేండ్లు నిరీక్షించును.

1982, 1994, 2006, 2018 సంవత్సరములలో ఈ పూత కలిగినది. రాబోవు మహాపుష్పోత్సవము 2030లో. డెబ్బదియేండ్ల ఆయువుగలవాడు తన జీవితమున దీనిని ఐదారు మారులకంటె ఎక్కువ చూడజాలడు. ఆ కొండలలో నివసించు గిరిజనులు తమ వయస్సును ఈ పూతలతో లెక్కించెడివారని ప్రసిద్ధి. తేయాకు తోటలును, విదేశీయ వృక్షముల పెంపకమును పచ్చికబయళ్లను ఆక్రమించుటచే ఈ మొక్కకు నిలువ నీడ తగ్గినది. అందుచేతనే 2006లో ఇడుక్కి జిల్లాయందు దీని రక్షణకై కురింజిమల అభయారణ్యము ప్రకటింపబడినది.

2018లో సంభవించినదొకటి ఇచట గమనింపదగినది. ఆ యేడు పూతను దర్శింపవలెనని దేశము నలుమూలలనుండి యాత్రికులు ఏర్పాట్లు చేసికొనిరి. ఆగస్టు మాసమున కేరళమును ముంచెత్తిన మహావర్షములకు కొండచరియలు విరిగిపడి మున్నారు మార్గములు తెగిపోయినవి. పండ్రెండేండ్లు ఎదురుచూచినవారిలో పెక్కురు కొండ నెక్కలేకపోయిరి. పువ్వు పూచినది; చూచువారి రాక ఆగినది. దుర్లభమైనదానిపై పెట్టుకొన్న ఆశకు ఇట్టి విఘ్నము ఎప్పుడును పొంచియుండును.

పసులపోలిగాడు

ఇక పక్షిని చూతము. నిగనిగలాడు నల్లని దేహము, చేపతోకవలె రెండుగా చీలిన పొడుగు తోక, కాకికంటె చాల చిన్న శరీరము. తెలుగుదేశమున దీనిని చూడని పల్లె యుండదు. మేయుచున్న ఆవులవెంట, గేదెలవెంట ఇది తిరుగును. ఒక్కొక్కప్పుడు వాని వీపులపై కూర్చుండును. పసులు అడుగు పెట్టినప్పుడు గడ్డిలోనుండి ఎగిరిపడు పురుగులే దీనికి ఆహారము. పసులపోలిగాడను పేరు ఆ సాహచర్యమువలననే వచ్చినది. నేడు పసులు తగ్గినచోట విద్యుత్తీగలపై కూర్చుండి అదే పని చేయుచున్నది.

ఈ పక్షికి రెండు గుణములు విశేషించి యున్నవి. మొదటిది, తెల్లవారుటకు ముందే మేల్కొనుట. తూర్పు తెలుపు వాఱకముందే, ఇతర పక్షులు నిద్రించుచుండగనే, దీని కంఠము విననగును. రెండవది, నిర్భయత్వము. తన గూటివైపు గ్రద్ద వచ్చినను, కాకి వచ్చినను వెంటబడి తరిమివేయును. అందుచేత పావురములు, పిగిలిపిట్టలు మున్నగు సాధుపక్షులు దీని గూడున్న చెట్టుననే తామును గూళ్లు కట్టుకొని సుఖముగా నుండును. నల్లనివాడు, గోవుల వెంట నుండువాడు, ఆశ్రయించిన దుర్బలులను రక్షించువాడు! ఈ మూడు లక్షణములు వినగానే వైష్ణవహృదయమునకు స్ఫురించు మూర్తి ఎవ్వరో వేఱుగ చెప్పనక్కఱలేదు.

గోదాదేవి విన్న పలుకు

ధనుర్మాసమున వైష్ణవగృహములన్నిట తిరుప్పావై అనుసంధానము జరుగును. తిరుమలలో ఆ మాసమంతయు సుప్రభాతమునకు బదులు తిరుప్పావైనే స్వామికి మేలుకొలుపుగా విన్నవింతురు. అందలి ఆఱవ పాశురము మొదలు పదునైదవ పాశురము వఱకు గోదాదేవి నిద్రించుచున్న గోపికలను మేల్కొల్పును. ఏడవ పాశురమున తెల్లవారినదనుటకు ఆమె చూపు మొదటి గుర్తు ఆనైచ్చాత్తన్ అను పక్షుల కలకలము. వ్యాఖ్యాతలు వీనిని భరద్వాజ పక్షులనిరి. సంస్కృతకోశములలో భరద్వాజ శబ్దమునకు వేఱు పక్షియు చెప్పబడియున్నను, తమిళమున దీనిని వలియన్ అను పక్షిగా, అనగా చీలిన తోకగల నల్లని పక్షిగా అన్వయించుట కలదు. మన పసులపోలిగాడు ఆ జాతివాడే. పసులమందలు గల వ్రేపల్లెలో వేకువను తెలుపుటకు పసుల వెంట తిరుగు పక్షికంటె తగినది మఱి యేది?

ఆ పలుకు ఒక్కచోటనుండి వచ్చినది కాదు. నలువైపుల నుండియు పక్షులు ఒకదానితో నొకటి కలసి పలుకుచున్నవి. అంత కలకలము వీథియంతయు నిండియుండగా లోపలనున్న గోపిక లేవలేదు. ఆమె సామాన్యురాలు గాదు. ఆ పాశురముననే ఆమెను నాయకురాలని సంబోధించిరి. నాయకురాలైనను, వినబడుచున్నదానిని వినకున్నచో వ్రతమునకు ఆలస్యమగును. పూర్వాచార్యులు ఈ పక్షుల పలుకులలో ఆచార్యుల ఉపదేశ వాక్యములను దర్శించిరి. ఉపదేశము ప్రతిదినము జరుగుచునే యున్నది. లోపించినది పలుకు గాదు, మెలకువ.

పండ్రెండేండ్ల కాలమును లెక్కించినచో అందు 4,383 ఉదయములుండును. నీలకురింజి ఆ కాలమున ఒక్క ఋతువున మనలను పిలుచును. పక్షి ఇన్నివేల ఉదయములు పిలుచును. ఒక్కమారు పిలిచినదానికై వందల క్రోసులు పోవుటకు సిద్ధపడు మనస్సు, వేలమార్లు పిలిచినదానికి కన్నులైనను తెఱవకుండుట ఎంతటి వింత!

అరుదైన దర్శనములు

మన యాత్రలలో కూడ నీలకురింజివంటి సందర్భములు కలవు. బృహస్పతి ఒక్కొక్క రాశియందు ప్రవేశించునప్పుడు ఒక్కొక్క నదికి పుష్కరము వచ్చును. ఆయన సింహరాశి ప్రవేశము గోదావరికి, కన్యారాశి ప్రవేశము కృష్ణకు పుష్కరకాలము. ప్రతి నదికిని మఱల ఆ అదృష్టము పండ్రెండేండ్లకు గాని రాదు. కాంచీపురమున శ్రీవరదరాజస్వామి సన్నిధియందలి అనంతసరస్సులో అత్తికొయ్య మూర్తియైన అత్తివరదస్వామి జలశయనమున నుండును. ఆ స్వామి నలుబదియేండ్లకు ఒకమారు వెలికివచ్చును. 1979 తరువాత 2019లో జూలై 1 మొదలు ఆగస్టు 17 వఱకు నలుబదియెనిమిది దినములు దర్శనము ప్రసాదించెను. లక్షలాది భక్తులు కాంచికి తరలిరి.

ఈ దర్శనములు పరమ పవిత్రములు. కాని ఇది తప్పినచో జన్మ వ్యర్థమను తొందర మనస్సును ఆక్రమించినప్పుడు ఏమి జరుగునో కూడ దేశము చూచినది. 2015 జూలై 14వ తేదీన, గోదావరి పుష్కరముల తొలిదినముననే, రాజమహేంద్రవరమున స్నానఘట్టము కడ త్రొక్కిసలాట కలిగి ఇరువది మందికి మించి యాత్రికులు మరణించిరి. 2025 జనవరి 8వ తేదీ రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల కొఱకు చేరిన జనసమూహమున త్రొక్కిసలాటవలన ఆరుగురు ప్రాణములు కోల్పోయిరి. వారందరు భక్తులే. వారి భక్తిని శంకించుట అపచారము. వారి కుటుంబముల దుఃఖమును తలంచినవారికి మాత్రము ఒక ప్రశ్న తప్పదు. స్వామి ఆ ఒక్క గడియయందే, ఆ ఒక్క ద్వారముననే మనకు దొరకునా? తక్కిన దినములలో ఆయన మనకు దూరముగ నున్నాడా?

దూరముగ లేడనియే శాస్త్రము ఘోషించుచున్నది.

సులభుడెవ్వరు? దుర్లభుడెవ్వరు?

భగవంతునకు పరత్వము, సౌలభ్యము అని రెండు స్వభావములు కలవు. పరత్వమనగా సర్వమునకు అతీతుడైయుండుట. సౌలభ్యమనగా సర్వులకు చేతికందునట్లుండుట. ఈ విషయమును విశదపఱచుటకు పిళ్లైలోకాచార్యులు శ్రీవచనభూషణమున దప్పిగొన్నవానిని దృష్టాంతముగ గ్రహించిరి. అంతర్యామి రూపము భూగర్భమునందలి జలమువంటిది, త్రవ్వనేర్చినవానికే అందును. పరమపదమునందలి రూపము బ్రహ్మాండము నావరించిన జలమువంటిది. వ్యూహరూపము పాలకడలివంటిది. రామకృష్ణాద్యవతారములు వఱదవచ్చిన నదులవంటివి. ఆ కాలమున ఉన్నవారికి లభించి తరలిపోయినవి. అర్చారూపము మాత్రము ఆ నదులు ప్రవహించి పోయిన పిమ్మట మడుగులలో నిలిచియున్న నీరువంటిది. దప్పి యెప్పుడు కలిగిన నప్పుడు, వంగి దోసిలితో త్రాగవచ్చును. కోవెలలోని మూర్తియు, ఇంటి పెట్టెలోని సాలగ్రామమును ఆ మడుగులే.

గీతాచార్యుడు ఇంకను స్పష్టముగ సెలవిచ్చెను. ఎనిమిదవ అధ్యాయమున, ఇతర చింత లేక ప్రతిదినము తన్ను స్మరించువానికి తాను 'సులభుడ'నని పలికెను. ఏడవ అధ్యాయమున, సర్వమును వాసుదేవుడే యని గ్రహించి శరణుపొందిన మహాత్ముడు 'సుదుర్లభుడ'ని పలికెను. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో మన తలంపు పూర్తిగా తలక్రిందులగును. మనము స్వామి దుర్లభుడనియు, భక్తులు కోకొల్లలనియు అనుకొనుచున్నాము. స్వామి తాను సులభుడననియు, తన్నెఱిగిన భక్తుడే దుర్లభుడనియు చెప్పుచున్నాడు! నీలకురింజిని వెదకుచున్నవాడు భక్తుడు గాడు, భగవంతుడు. ఎన్నియో జన్మలకు ఒకమారు వికసించు ఆ జ్ఞానపుష్పము కొఱకు ఆయనయే ఎదురుచూచుచున్నాడు. ఎనిమిదవ అధ్యాయమునందలి ఆ శ్లోకమునకు భాష్యము రచించుచు భగవద్రామానుజులు, అట్టి భక్తుని యెడబాటును తానే సహింపలేక స్వామియే వానిని వరించునని వివరించిరి. పక్షివలె ప్రతి ఉదయము పిలుచుచున్నవాడు ఆయనయే.

అయినను సౌలభ్యమున ఒక అపాయము కలదు. చేతికందినది చులకనయగును. పాండవులకు రథము తోలినందున దుర్యోధనాదులు కృష్ణుని సామాన్యునిగా భావించిరి. మనుష్యరూపము ధరించినందుననే మూఢులు తన్ను అవమానించుచున్నారని గీత తొమ్మిదవ అధ్యాయమున స్వామి వాక్యము. ఇంటి సాలగ్రామమునకు తీరిక లేదని రెండు దినములు తీర్థమైనను సమర్పింపక, మూడవదినమున వైకుంఠద్వారమునకై పరుగిడువారు ఈ వాక్యమును స్మరింపవలెను.

కైంకర్యపరుల మార్గము

నిత్యమును ఆశ్రయించి తరించినవారి చరిత్రలు మన సంప్రదాయమున నిండుగా కలవు. అత్తివరదుడు నలుబదియేండ్లకు వెలికివచ్చు ఆ కాంచీక్షేత్రముననే తిరుక్కచ్చినంబి నివసించిరి. ఆయన నోచిన నోము ఒక్కటే: వరదునకు వింజామర వీచుట. పెద్ద పాండిత్యవాదములు గాని, దీర్ఘయాత్రలు గాని ఆయన చరిత్రలో ప్రధానములు కావు. ప్రతిదినము విసరిన ఆ చేతికి మెచ్చి వరదుడు ఆయనతో సంభాషించెను. భగవద్రామానుజులే తమ సందేహములకు స్వామి సమాధానమును ఆయన ముఖమున పొందిరి. ఆ రామానుజులును కాంచిలో నున్న దినములలో ప్రతిదినము సాలబావినుండి తీర్థము మోసికొనివచ్చు కైంకర్యము నాచరించిరి.

తిరుమలయందు అనంతాళ్వారుల చరిత్ర సుప్రసిద్ధము. కొండపై నివసించి స్వామికి పుష్పకైంకర్యము చేయుటకు ఎవరు సిద్ధముగ నున్నారని శ్రీరంగమున రామానుజులు ప్రశ్నింపగా, అనంతాళ్వారులు లేచి నిలిచిరి. చలిగాలులు, అడవి, ఏకాంతవాసము ఆయనను ఆపలేదు. తోట వేసిరి, చెఱువు త్రవ్విరి. ఆయన పెంచినవి పండ్రెండేండ్లకు పూయు పువ్వులు గావు, మఱునాటి మాలకు పనికివచ్చు పువ్వులు. ప్రతిదినము పూచి, ప్రతిదినము వాడి, ప్రతిదినము మఱల సమర్పింపబడు ఆ సామాన్యపుష్పములచేతనే తిరుమల పుష్పమండపమను కీర్తికి తగియున్నది. గోదాదేవియు శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తుల తులసీవనమున లభించి, నిత్యమాలాకైంకర్యము జరుగు ఇంట పెరిగినది. పక్షిపలుకును ఉపదేశముగా వినగల చెవి ఆ ఇంటిలోనే కలిగినది.

పువ్వు చెప్పు రహస్యము

అట్లయినచో పుష్కరములు, బ్రహ్మోత్సవములు, అరుదైన దర్శనములు నిష్ప్రయోజనములా యని శంక కలుగవచ్చును. ఎంతమాత్రము కాదు. శాస్త్రమున నిత్యము, నైమిత్తికము అని కర్మలు విభజింపబడినవి. నైమిత్తికము నిత్యమునకు శోభ గూర్చునే గాని, దానిని తొలగించి ఆ స్థానమున కూర్చుండదు. బ్రహ్మోత్సవదినములలో కూడ మూలమూర్తి నిత్యారాధన ఆగదు గదా!

ఈ సత్యమును నీలకురింజియే మఱింత చక్కగ బోధించుచున్నది. పూచిన ఋతువున దానిని చూచుటకు వేలమంది వత్తురు. మిగిలిన పదునొకండు సంవత్సరములు దానిని చూచువారెవ్వరు? అప్పుడది పేరులేని పచ్చని పొద. ప్రతి వర్షమున నీటిని గ్రహించుచు, ప్రతి ఎండను సహించుచు, కొండ వాలున మట్టిని గట్టిగ పట్టుకొని నిలిచియుండును. ఎవరును మెచ్చని ఆ దినచర్యయే పండ్రెండవయేట పువ్వుగా మాఱుచున్నది. ఏ ఒక్క సంవత్సరము అది తన పని మానినను ఆ పూత కలుగదు. కావున నీలకురింజి అరుదైనదని చెప్పువారు సగము సత్యమే చెప్పుచున్నారు. దాని పువ్వు అరుదు. దాని సాధన నిత్యము. పక్షి బాహాటముగ చేయుదానిని ఈ మొక్క మౌనముగ చేయుచున్నది. రెండింటి బోధయు ఒక్కటియే.

గృహస్థులకు కర్తవ్యము

వృద్ధులైయుండి, రోగముచేతనో, ధనలేమిచేతనో అరుదైన దర్శనములకు పోజాలని గృహస్థులు ఎందఱో కలరు. పుష్కరస్నానము తప్పినదని, అత్తివరదుని చూడలేదని లోలోన కుములువారున్నారు. 2059 వఱకు జీవింతుమా యని కన్నీరు పెట్టువారున్నారు. వారు చింతింప బనిలేదు. ఆకు గాని, పువ్వు గాని, పండు గాని, నీరు గాని భక్తితో సమర్పించినచో స్వీకరింతునని ప్రతిజ్ఞ చేసిన స్వామి, అందు అరుదైన పువ్వును అడుగలేదు. పెరటి తులసీదళము చాలును. కుండలోని నీరు చాలును. మంచముపై నుండియే నామస్మరణ చేయువానిని విడిచి ఆయన దూరముగ పోజాలడు.

యాత్రకు పోగలిగినవారు తప్పక పోవలెను. పోవునప్పుడు ముందువాని భుజముపై చేయి వేసి త్రోయక, వృద్ధులకు, బాలలకు దారి విడిచి నడచుటయు కైంకర్యమేయని ఎఱుగవలెను. ఒక గడియ ఆలస్యమైనంత మాత్రమున అలిగి తలుపు వేసికొను స్వామి కాడు మన స్వామి. కొండలలో అరుదైన పువ్వు కనబడినచో అర్చనకని కోయరాదు. నీలకురింజిని కోయుట, పెకలించుట చట్టరీత్యా నేరము. విత్తు రాలకమున్నే పువ్వును కోసినచో రాబోవు పండ్రెండేండ్ల ఆరాధనను కోసినట్లే యగును. పొలములో పురుగులను తిని పైరును కాపాడు నల్లపక్షి గూటిని పిల్లలు చెఱుపకుండ పెద్దలు బోధింపవలెను.

ఇక ప్రతి గృహస్థునకు సాధ్యమైన వ్రతము ఒక్కటి కలదు. వేకువజామున మొదటి పక్షి పలుకు వినబడగానే శయ్య విడిచి, పెరుమాళ్ల నామము నొకమారు ఉచ్చరించి, తులసికి నీరు పోసి, ఇంటి దీపము వెలిగించుట. ఆలస్యమైనచో ఆలస్యముగనైనను మానకుండుట. దీనికి టోకెను లేదు, వరుస లేదు, సంవత్సరములు లెక్కించుట లేదు. ఈ నిత్యకృత్యము కొనసాగిన ఇంట, ఏనాడో ఒకనాడు, వాసుదేవుడే సర్వమను ఆ సుదుర్లభ పుష్పము వికసింపక మానదు.

ప్రతి ఉదయము పిలుచుచున్న ఆ సులభుని పిలుపు వినగల మెలకువను శ్రీయఃపతియైన శ్రీనివాసుడు సర్వులకును అనుగ్రహించుగాక!